కోచ్‌కు చావుపూలు

"ఇవి చాలవు. ఇంకా తెప్పించు," అంది బాంగ్ సునిమ్.

అప్పటికే స్టేడియం గేటు ముందు తెల్ల చామంతుల పూలచక్రాలు మనిషెత్తున బారులు తీరి ఉన్నాయి. అంత్యక్రియలకు పంపే పూలవి. ఆ ఉదయం మసాన్‌లో నిజంగా ఎవరైనా పోయి ఉంటే, పాపం వాళ్లకి పూలు దొరికి ఉండవు.

"ఊళ్లో కొట్లన్నీ ఊడ్చేశాం పిన్నీ," అన్నాడు ప్యో జెహ్యోక్. ఓడల కార్ఖానాలో వెల్డింగ్ చేసే ఈ జెహ్యోకే అభిమానుల సంఘానికి పెద్ద.

"అయితే బుసాన్‌కి ఫోన్ చెయ్యి. మూడింటికల్లా ఇక్కడుండాలి."

మూడింటికి కోచ్ తాక్ మున్‌సూ కొత్త ఒప్పందం మీద సంతకం చెయ్యబోతున్నాడు. ఆ సంతకం పడిందంటే ఇంకో మూడేళ్లు జట్టు ఆయన చేతిలోనే. అది పడకూడదు. అందుకే ఈ పూలు.

ఆ ఊరి బేస్‌బాల్ జట్టు మసాన్ క్రేన్స్ రెండేళ్లుగా పట్టికలో అట్టడుగున ఉంది. ఓడితే ఓడారు. మసాన్ వాళ్లకి ఓటమి కొత్తేమీ కాదు, నాలుగు బూతులు తిట్టుకుని, ఇంత సోజు తాగి పడుకుంటారు. కానీ ఆటగాళ్లు ఒక్కొక్కరే కుంటుకుంటూ పోతుంటే ఇక ఎవరిని చూడ్డానికి వెళ్లాలి? బంతి విసిరే ఓక్ జిన్‌హాది బంగారం లాంటి చెయ్యి. నొప్పి మొర్రో అంటున్నా వరసపెట్టి ఆడించి, ఆ మోచేతిని డాక్టర్ల కత్తికి అప్పగించాడు తాక్. క్యాచర్‌కి మోకాలు పోయింది. మూడో బేస్ కుర్రాడికి తొడ కండరం చిరిగింది. సగం జట్టు ఆస్పత్రిలో ఉంటే మిగతా సగం మైదానంలో నిద్రపోతోంది. ఇంత చేసినవాడికి ఇంకో మూడేళ్లా? ఒళ్లు మండదూ?

అందరికంటే ఎక్కువ మండింది సునిమ్‌కే. అరవైకి దగ్గరపడిన మనిషి. పోయిన నెలలో ఒకరోజు టోపీ కళ్ల మీదికి లాక్కుని, మాస్కు పెట్టుకుని వచ్చి సంఘంలో చేరింది. ఆమె తిట్లు విన్నాక కుర్రాళ్లు తమ తిట్లు దాచేసుకున్నారు.

పూలచక్రాల రిబ్బన్ల మీద మాటలన్నీ ఆమెవే. జెహ్యోక్ ఒక్కొక్కటే పైకి చదువుతూ పడీపడీ నవ్వాడు.

"ఓక్ జిన్‌హా మోచేతికి కన్నీటి నివాళి."

"మా క్యాచర్ మోకాలి ఆత్మకు శాంతి కలుగుగాక."

ఆఖరుదాని దగ్గర నవ్వు ఆపేశాడు. "తాక్ మున్‌సూ, నువ్వు కదలకపోతే ఈ పూలు రేపు నీకే."

"ఇది కొంచెం ఎక్కువేమో పిన్నీ. మనిషి ఇంకా బతికే ఉన్నాడు."

"బతికుండగానే చెప్పాలి. పోయాక చెప్తే వింటాడా?" అంది సునిమ్. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

క్లబ్బు ఉద్యోగి ఒకడు కాఫీలు పట్టుకుని వచ్చాడు. ఇద్దరు లోపలికొస్తే కూర్చుని మాట్లాడుకుందామన్నాడు.

"మాటలన్నీ అయిపోయాయి బాబూ. ఆ మనిషి మంచిమాటకి వినే రకం కాదు. సిగ్గుతో చచ్చి వదలాలి," అని కాఫీలతో సహా పంపేసింది.

"వెనక గేటు దగ్గర కూడా కొందర్ని పెడదామా?" అన్నాడు జెహ్యోక్.

"అక్కర్లేదు. ముందు గేటు నుంచే వస్తాడు. ఆ మనిషికి దాక్కోవడం చేతకాదు."

"అంత గట్టిగా ఎలా చెప్తావ్?"

"కుర్రాడిగా ఇదే మైదానంలో ఆడిన రోజుల్నించీ చూస్తున్నాగా."

అన్నట్టే మూడు కాకముందే తాక్ ముందు గేటు నుంచి బయటికొచ్చాడు. రిబ్బన్లు చదువుకుంటూ మెల్లగా నడిచాడు. గుంపు ముందు నిలబడి నడుం వంచి తల దించాడు. మళ్లీ నిటారుగా లేవడానికి పక్కనున్న కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది.

"అబ్బో, ఏం నటిస్తున్నాడ్రా," అన్నారెవరో. వేయించిన కోడి ఎముక ఒకటి ఎగిరొచ్చి ఆయన బూటు దగ్గర పడింది.

సునిమ్ అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది.

"సిగ్గుందా నీకు? పిల్లల చేతులు విరిచావ్, మోకాళ్లు విరిచావ్. ఇంకా ఎవరి ప్రాణం తీద్దామని ఆ కుర్చీ పట్టుకు వేలాడుతున్నావ్? దిగు. ఇప్పుడే దిగు. ఇంకోసారి ఆ మైదానంలో కనపడ్డావంటే నా ఉసురు తగుల్తుంది నీకు."

ఈలలు, చప్పట్లు. తాక్ ఉలిక్కిపడి తలెత్తాడు. టోపీ కింది కళ్లలోకి చాలాసేపు చూశాడు.

"సంతకం చెయ్యను," అన్నాడు చివరికి. "ఇవాళ్టితో నాకూ ఈ జట్టుకీ చెల్లు. జిన్‌హాకి చెప్పండి, తప్పు నాదేనని."

మసాన్ కసి తీరింది. డప్పులు మోగాయి. జెహ్యోక్ సోజు సీసా మూత తీశాడు. చూస్తే సునిమ్ రోడ్డు వార కూలబడి ఏడుస్తోంది.

"గెలిచాం పిన్నీ. ఏడుస్తావేంటి? లే, నిన్ను ఇంటి దగ్గర దింపేస్తా."

"వద్దులే బాబూ. నాకు బండి ఉంది."

ఇంతలో తాక్ కారు గేటు దాటి వచ్చింది. పోయేవాణ్ణి ఊరికే పోనివ్వడం దేనికని కుర్రాళ్లు చుట్టుముట్టారు. కారు సరిగ్గా సునిమ్ ముందు ఆగింది. ఆమె కళ్లు తుడుచుకుని లేచి, విసురుగా వెళ్లి తాక్ పక్క తలుపు లాగింది.

"అయిపోయాడ్రా, చెంప పగలగొడుతుంది చూడండి," అన్నాడు జెహ్యోక్ సంబరంగా.

"పక్కకి జరుగు, బండి నడపొద్దని డాక్టరు నీకు ఎన్నిసార్లు చెప్పాలి," అంటూ సునిమ్ స్టీరింగు ముందు కూర్చుంది, "రెండోసారి గుండె ఆగబోయినప్పుడే నా మాట విని ఇంట్లో కూర్చునుంటే, కట్టుకున్న పెళ్లాం ఇలా రోడ్డెక్కి నిన్ను తిట్టే గతి పట్టేదా?"