మిగిలిన సగం

“మీరు తెలుగేనా?”

అమెరికాలో ఒక హాస్పిటల్ వెయిటింగ్ రూమ్‌లో ముప్పయ్యేళ్ల మనిషి ఒకతను కుంటుకుంటూ వచ్చి అడిగాడు.

తేజేశ్వర్ తలెత్తలేదు. పక్కన భార్య రాగిణి ఒళ్లో రెండేళ్ల దియ మళ్లీ బిగుసుకుపోతోంది. పొద్దుట్నుంచి ఫిట్స్ రావడం ఇది పదకొండోసారి.

పది నిమిషాల కిందటే సర్జన్ చెప్పాడు. జన్యులోపం వల్ల పాప మెదడు ఎడమవైపు సరిగా ఏర్పడలేదు. మందులు పనిచేయడం లేదు. ఆ సగం తీసేయాలి.

“తీసేస్తే మాట ఎలా వస్తుంది?” అని అడిగింది రాగిణి.

“చిన్న వయసు కదా, మిగిలిన సగం ఆ పని నేర్చుకుంటుంది. ఆలస్యమైతే మాత్రం కష్టం.”

తీయించాలంటే భయం. తీయించకపోతే రోజూ ఇదే నరకం. ఎటూ దారి లేదు.

“నా పేరు అఖిల్. మీతో కొంచెం మాట్లాడాలి,” అన్నాడతను ఎడమ చెయ్యి చాచి. అమెరికా యాస. ఒక్కో మాటా నెమ్మదిగా వస్తోంది.

“ఇన్సూరెన్సా? డొనేషనా?” అన్నాడు తేజేశ్వర్.

“కాదు. పాప గురించి...”

“పాప గురించి మీకేం తెలుసు?” తేజేశ్వర్ గొంతు లేచింది. “ప్లీజ్, మమ్మల్ని వదిలెయ్యండి.”

అతను చిన్నబోయాడు.

“సరే. నేను ఇక్కడే ఉంటాను. ఫైవ్ వరకు.”

వాళ్లు వెనక తలుపు నుంచి పార్కింగ్‌కి వెళ్లిపోయారు. సర్జరీ వద్దని మర్నాడు మెయిల్ పెట్టారు.

తర్వాత ఎనిమిది నెలలు రాగిణి ప్లెయిన్స్‌బరోలోని తమ అపార్ట్‌మెంట్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. స్నానానికి వెళ్లినా బాత్రూమ్ తలుపు వేసుకునేది కాదు. దియకి వచ్చిన ఒక్క మాట “అమ్మ”. అది కూడా పోయింది.

చివరికి మళ్లీ ఆ సర్జన్ దగ్గరికే వచ్చారు.

ఆయన కొత్త రిపోర్టులు చూశాడు.

“మెదడు కుడివైపు నుంచి కూడా ఫిట్స్ మొదలయ్యాయి. సర్జరీ చేద్దాం, ఫిట్స్ తగ్గొచ్చు. మాట గురించి మాత్రం అప్పుడిచ్చిన ధైర్యం ఇప్పుడు ఇవ్వలేను.”

రాగిణి ఏడవలేదు.

“అప్పుడు మాకు నమ్మకం కుదరలేదు డాక్టర్. సగం మెదడుతో మనిషి ఎలా బతుకుతాడనుకున్నాం.”

“అందుకేగా అఖిల్‌ని రమ్మన్నాను!” అన్నాడాయన ఆశ్చర్యంగా. “తనెవరో తనే చెప్తానన్నాడు. రెండు ట్రైన్లు మారి వచ్చాడు పాపం. మీరు కలవలేదా?”



“ఎవరతను?” అంది రాగిణి.

“హైస్కూల్లో లెక్కలు చెప్తాడు. అతనికి మూడేళ్లప్పుడు, మెదడులో ఎడమ సగం తీసింది నేనే.”