కోచ్ గారి పచ్చికలో బోర్డు

"అంత గట్టిగా లాగకండి వెర్లిన్ గారూ, నడుం పట్టేస్తుంది" అంది వెనక నుంచి ఐలీన్.

వెర్లిన్ టెష్ చేతిలోని కర్ర వదల్లేదు. వదిలితే వెనక్కి తిరగాలి, తిరిగితే ముఖం చూపించాలి. కర్రకు కొట్టిన బోర్డు మీద 'ఈ ఇల్లు అమ్మబడును' అని ఎర్రటి అక్షరాలున్నాయి. ఇల్లు, బంతి చేత్తో పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ జట్టు ప్రధాన కోచ్ రోలండ్ బెక్‌ది. ఐలీన్ ఆయన భార్య. ఇల్లమ్మే ఆలోచన ఆ ఇద్దరికీ కలలో కూడా లేదు. వరసగా ఓడే కోచ్ ఇంటి ముందు ఇలాంటి బోర్డు పాతడం ఆ ఊరి ఆనవాయితీ. 'ఇక దయచెయ్యి నాయనా' అని మర్యాదగా చెప్పడమన్నమాట.

ఆ ఏడు జట్టు ఎంత అందంగా ఆడిందంటే, బంతికే సిగ్గేసి అవతలివాళ్ళ చేతుల్లోకి దూకేసేది. ఎనిమిది ఆటలాడి ఎనిమిదీ ఓడారు. బ్యాండువాళ్ళు గెలుపు పాట ఎత్తుగడ మరిచిపోయి ఒకరినొకరు అడుగుతున్నారు. మొన్న శనివారం పొరుగూరు వెళ్ళి నలభై ఒకటి, సున్నా. రేడియోలో వ్యాఖ్యానం చెప్పేవాడు ఆఖరి పావుగంటా మొక్కజొన్న పంట గురించి మాట్లాడాడు. అదిగో, అప్పుడే వెర్లిన్ రేడియో కట్టేసి, తన హార్డ్‌వేర్ షాపులోంచే ఓ బోర్డూ సుత్తీ తీసుకుని, పట్టపగలే వచ్చి ఇది పాతిపోయాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ పొరుగూరిలోనే ఉన్నారు కదా అని ధైర్యం.

ఆదివారం చర్చిలో ముందు బల్ల మీంచి రోలండ్ వెనక్కి తిరిగి, వెర్లిన్‌తో చెయ్యి కలిపాడు. అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. ఆ పోయిన గొంతుతోనే "మీ మోకాలి నొప్పి ఎలా ఉంది?" అని అడిగాడు. ఆ మధ్యాహ్నం వెర్లిన్‌కి వేయించిన కోడి కూడా సహించలేదు.

అందుకే సోమవారం పొద్దున్నే, ఎవరూ లేవకముందే పీకేద్దామని వచ్చాడు. పదింటికి కాలేజీలో సమావేశం. కోచ్‌ని ఉంచాలా, పంపాలా? తేల్చేది కాలేజీ పాలక మండలిలోని ఐదుగురు. ఇద్దరు ఉంచమంటున్నారు, ఇద్దరు పంపమంటున్నారు. ఐదోవాడు వెర్లిన్.

"ఎవడో పనికిమాలినవాడు పాతాడు" అన్నాడు నేల చూస్తూ.

"గట్టిగానే పాతాడు. పని తెలిసినవాడే." ఐలీన్ కూడా ఓ చెయ్యి వేసింది. కర్ర ఊడి వచ్చింది. "లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని. ఇంత చలిలో ఒంటి గ్లౌజుతో వచ్చారేం?"

రెండోది శనివారం నుంచీ కనిపించడం లేదు, ఎక్కడ పడిపోయిందో వెర్లిన్‌కే తెలీదు. "కుక్క ఎత్తుకుపోయింది" అన్నాడు.

"మీకు కుక్కుందా?"

"పక్కింటివాళ్ళది. పోతే పోయిందిలెండి, బొటనవేలు దగ్గర చిరిగిందే."

వంటింట్లో గుడ్లు, అట్లు, వేడి కాఫీ పెట్టి, ఆమె పొయ్యి పక్కన కుర్చీ లాక్కుని ఒళ్ళో ఏదో కుట్టుకుంటూ కూర్చుంది.

"రోలండ్ లేడా?"

"తెల్లారకుండానే మైదానానికి వెళ్ళాడు. ఓడినవాళ్ళకి నిద్రెక్కువ ఉండకూడదంటాడు."

"బోర్డు చూశాడా?"

"ఆట నుంచి వచ్చిన రోజే చూశాడు. ఊరంతా దీన్ని చూసి నవ్వుకుంటూ పోయిందండీ. తీద్దామని వచ్చింది మీరొక్కరే."

'పాతింది నేనేనమ్మా' అన్న మాట వెర్లిన్ పళ్ళ దాకా వచ్చింది. కాఫీ పోసి లోపలికి తోసేశాడు.

"ఏం కుడుతున్నారు?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చిరిగిందేదో. పారేయడానికి చేతులు రావు నాకు."

అతను లేచేసరికి ఆమె ఓ రేకు డబ్బాకు గుడ్డ కట్టి చేతిలో పెట్టింది. "ఆపిల్ కేకు. ఇంకా వేడిగా ఉంది, సమావేశం అయ్యాకే విప్పండి." ఓటు మాట ఆమె ఎత్తలేదు. అతనూ ఎత్తలేదు.

పదిన్నరకి వెర్లిన్ చెయ్యెత్తి, కోచ్‌ని ఉంచాలన్నాడు.

అతనితో కలిసి చదువుకున్న గస్ ప్రూ గుడ్లప్పగించాడు. "ఒరేయ్ వెర్లిన్, మొన్న శుక్రవారం దాకా వాణ్ణి ఊరు దాటించాలని గంతులేసింది నువ్వు కాదట్రా? తలకేమైనా దెబ్బ తగిలిందా?"

"ఎనిమిది ఆటలు ఓడినా ఒక్క కుర్రాడు జట్టు వదిలి పోలేదు. పోయింది మనమేరా" అన్నాడు వెర్లిన్. "ఇంకో ఏడాది ఉంచుదాం."

ముగ్గురికి ఇద్దరు. రోలండ్ నిలిచాడు.

కాలేజీ ప్రెసిడెంటు నోరా వైస్ కళ్ళద్దాలు తీసింది. "ఒక్క మాట. కోచ్ గారి ఇంటి ముందు ఆ పాడు బోర్డు పీకింది ఎవరో తెలుసా? మన వెర్లిన్ గారు. ఐలీన్ ఇందాకే ఫోన్ చేసి చెప్పింది. ఊళ్ళో పెద్దమనిషి ఒక్కడైనా మిగిలాడు."

అందరూ చప్పట్లు కొట్టారు, గస్ కూడా. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకున్నాడు. దాన్ని అందరూ వినయమనుకున్నారు.

బయట రోలండ్ ఎదురొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. వెర్లిన్ వాటిని విడిపించుకుని, ఎవరో తరుముతున్నట్టు వెళ్ళి తన ట్రక్కులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఎప్పుడో ఓ రోజు చెప్పేయాలి అనుకున్నాడు. ఇవాళ కాదు. ఇవాళ వాళ్ళ సంతోషం ఎందుకు పాడుచెయ్యడం? ఎలాగూ ఎవరికీ తెలీదు.

ఆ మాటతో కాస్త ఆకలి కూడా వేసింది. గుడ్డ విప్పి, కేకు ముక్క పైకి తీశాడు.

దాని కింద, శుభ్రమైన కాగితంలో, బొటనవేలు కుట్టిన ఎడమచేతి గ్లౌజు ఉంది.