పప్పు బాగా ఉడికింది

సూర్యకళగారు పప్పు మారు వడ్డించమనేసరికి నేను కంగారుగా గరిటె అందుకున్నాను.

మా ఇంటి పక్క మా పొలమే కొనుక్కుని, బజారు మొహం చూడకుండా పండించుకు తింటూ బతకాలని రాజమండ్రి నుంచి వచ్చారావిడ.

"నూతి నీళ్లలో పప్పు ఉడికే ఊరైతే చాలు మామ్మగారూ, అన్నీ పండుతాయి. ఇలా వెన్నలా ఉడికితే నాకిక కట్టుడు పళ్లతో కూడా పనిలేదు. మీ నూతి నీళ్లేగా?"

"మా నూతివేనమ్మా," అన్నాను.

అవి కొన్న క్యాను నీళ్లు. రొయ్యల చెరువులొచ్చాక మా నుయ్యీ పొలమూ ఉప్పు కట్టేశాయి. ఆ నూతి నీళ్లలో పప్పు ఉడకదు. తను పెంచిన రొయ్యలు చచ్చిపోయిన నాటి నుంచి మా అబ్బాయి తాతాజీ అరుగు దిగడం లేదు. ఈ బేరం కూడా తప్పితే వాడేమైపోతాడోనని నా భయం.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆవిడ నెమ్మదిగా అన్నారు.

"మీ నూతి నీళ్లు వచ్చీరాగానే తోడుకుని నోట్లో పోసుకున్నాను మామ్మగారూ. ఉప్పని తెలుసు. కాలవ నీళ్లు పెట్టుకుని రెండేళ్లలో పొలం బాగుచేసుకుందామనే అనుకున్నాను. కానీ ఒంటరిదాన్ని. పక్కింటివాళ్లు నిజం చెబుతారో లేదో చూద్దామని అడిగాను."

సంచీ తీసుకుని వెళ్లిపోయారు.

తాతాజీ అరుగు మీద నుంచి గబగబా లోపలికొచ్చాడు.

"ఏమన్నారే అమ్మా? పొలం నచ్చలేదన్నారా?"

"పొలం నచ్చిందిరా," అన్నాను, తలెత్తకుండా.