పూరేడు కాళ్లకింద రాయి

1709 నవంబరు పదకొండు, సెయింట్ మార్టిన్ పండుగ. కాల్చిన బాతు కాలు సగం తిన్నాడో లేదో, పక్కింటివాడు మోసుకొచ్చిన కబురు విని పళ్లేల మీద బొమ్మలు వేసే లెండెర్ట్ చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. కాలువ గట్టు వెంట ఒక్క పరుగున వచ్చి నీల్‌చె పళ్లేల కొట్లో నిలబడ్డాడు.

“ఎవడమ్మా ఆ దొంగ? పేరు చెప్పు!”

“ముందు మూతికంటిన కొవ్వు తుడుచుకో” అంది నీల్‌చె. “ఏం పోయిందేమిటి?”

కిటికీలో పెట్టిన పళ్లెం చూపించాడు. ఎర్రటి పూలు, బంగారు అంచు, గడ్డిలో రెండు పూరేడు పిట్టలు.

“అది నా బొమ్మ. ఒక్క పళ్లెం మీదే వేశాను. మళ్లీ వెయ్యలేదు.”

నీల్‌చె పకపకా నవ్వింది. “నువ్వు మాత్రం జపాను పళ్లెం ముందు పెట్టుకుని దించలేదూ? దొంగ ఇంట్లో దొంగలు పడ్డారని ఏడిస్తే జాలిపడేదెవరయ్యా?”

“పిట్టలు వాళ్లవే, పూలూ వాళ్లవే. కాదనను. మరి ఈ రాయి?”

పిట్ట కాళ్లకింద దాని గుడ్డంత నీలపు రాయి. దాని నిండా వంకర గీతలు, వాటికి అడ్డంగా తెల్లటి గాటు.

“ఇది ఏ జపాను పళ్లెంలోనూ లేదు. లోకంలోనే లేదు. దీన్ని కూడా వదల్లేదు వెధవ! ఈ డెల్ఫ్ట్ ఊళ్లో ఏ మూల దాక్కున్నా సరే, రేపు మా పనివాళ్ల సంఘం పెద్దల ముందుకి ఈడ్చుకొస్తాను. కుంచె పట్టనివ్వను వాణ్ణి!”

“అంత చక్కటి గడ్డిలో ఇంత వికారపు రాయి ఎందుకు వేశావూ?”

“అది నీకనవసరం.”

“సరే. ఆ పళ్లేన్ని ఒక్కసారి గోటితో కొట్టు.”

కొట్టాడు. డెల్ఫ్ట్ మట్టి పళ్లెమైతే టక్కుమని ఊరుకునేది. ఇది చర్చి గంటలా ఖంగుమంది. లెండెర్ట్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“అసలు పింగాణీ” అంది నీల్‌చె. “మొన్న మంగళవారమే ఓడ దిగింది. నీ పళ్లేన్ని మీ యజమాని ఓడలవాళ్లకి అమ్మాడు. వాళ్లు దాన్ని నమూనా అని జపానుకి పంపారు. గీత తేడా రాకూడదు, ఉన్నదున్నట్టు దించమన్నారట. వెళ్లు మరి, ఈడ్చుకురా వాణ్ణి సంఘం ముందుకి!”

లెండెర్ట్ నవ్వలేదు. పళ్లేన్ని వెలుతురుకి పట్టుకున్నాడు. జపానులో ఎవరో వెంట్రుకంత కుంచెతో ఆ వంకర గీతలన్నీ ఒక్కటీ వదలకుండా వేశాడు. గాటు దగ్గర తెలుపు అలాగే ఉంచాడు.

నీల్‌చె పెట్టెలోంచి గడ్డి తీసి ఇంకొకటి పైకెత్తింది. తర్వాత మరొకటి. మొత్తం నలభై. అన్నిటిలోనూ ఆ రాయి ఉంది.

“ఒక్క రాయికి ఇంత కోపమేమిటయ్యా?”

“రాయి కాదమ్మా” అన్నాడు లెండెర్ట్. “పళ్లేన్ని ఆవంలో కాల్చడానికి పెట్టబోతూ మా ఆవిడ గ్రిట్ రంగంటిన బొటనవేలు దానిమీద ఆనించింది. పళ్లెం పాడు చేశావని ఆ రోజంతా తిట్టాను.”

గ్రిట్‌ని పాతిపెట్టిన రోజు నీల్‌చె కూడా అక్కడే ఉంది. ఆ బొటనవేలి మీది కత్తిగాటు ఆమెకీ గుర్తే. నలభై పళ్లేలూ అతని ముందు పరిచి, చీకటి పడకముందే కొట్టు తలుపు చప్పుడు కాకుండా మూసేసింది.