అర నూలు పొట్టు

రంపం మిషను ఆగగానే పొట్టు పెద్దమ్మ చిన్న కుంచె పట్టుకుని వంగింది.

మేస్త్రి భార్య ఆవిడ సంచీ తీసి పక్కన పెట్టింది.

"రేపట్నుంచి రావద్దు పెద్దమ్మా. పొట్టంతా కోళ్ల ఫారం వాళ్లకి ఇస్తామని మాటిచ్చాం."

ఆవిడ ఎవరో ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. రెండేళ్లుగా పొద్దున్నే ఖాళీ సంచీతో వచ్చేది, సాయంత్రం నిండు సంచీతో వెళ్లేది. రంపపు పొట్టు పొయ్యిలోకి కాబోలనుకున్నారు. పేరు కూడా అడగలేదు.

పొట్టు పోతే పోయింది, ఎవరికీ బాధ లేదు. ఆవిడతో వచ్చిన చిక్కల్లా ముక్క కోసిన ప్రతిసారీ మిషను దగ్గరికి దూరడం. చిటికెడు కూడా వదలకుండా తుడిచేది. ఆవిడ తప్పుకునేదాకా రంపం మీద ఉన్న మేస్త్రి తమ్ముడు చెక్క పట్టుకుని నిలబడాలి.

బడి కట్టడానికి నూట ఇరవై కిటికీలు. నలభై రోజుల గడువు. ఇది నెగ్గితే ఇక మీదట తన కట్టడాలన్నీ మీకేనన్నాడు కాంట్రాక్టరు. నెగ్గకపోతే అన్నదమ్ములిద్దరూ మళ్లీ ఒకరి కింద కూలికి పోవాల్సిందే.

"సంచీ లేకుండా వస్తాలే తల్లీ," అంది పెద్దమ్మ. "కోత కోతకీ ఆ స్టాపరు మూల తుడవాలి."

"మిషనుకి పౌడరు కూడా రాయమంటావా?" అంది మేస్త్రి భార్య.

మరిది నవ్వాడు. పెద్దమ్మ కూడా నవ్వబోయి, మిషను కేసి ఒకసారి చూసి వెళ్లిపోయింది.

కోత జోరందుకుంది.

స్టాపరంటే చెక్క కొసని ఆనించే ఇనప దిమ్మ. దాన్ని ఒకసారి బిగిస్తే ఎన్ని ముక్కలు కోసినా ఒకే పొడవు రావాలి. మేస్త్రి భార్య రోజూ సాయంత్రం షెడ్డంతా అద్దంలా ఊడ్చేది కానీ స్టాపరు జోలికి మాత్రం వెళ్లేది కాదు. అది కదిలితే కొలత పోతుందని భర్త గట్టిగా చెప్పాడు. పొద్దున్నే మరిది రంపం నుంచి స్టాపరు దాకా టేపు పెట్టి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.

గడువుకి రెండు రోజుల ముందే కిటికీలు వెళ్లాయి.

బిగిస్తే రెక్కలు మూసుకోలేదు. పైన రాసుకుంటున్నాయి, కింద వెలుతురు కనిపిస్తోంది. కాంట్రాక్టరు ఒక చట్రానికి మూలమట్టం ఆనించి చూశాడు. మూల కలవలేదు. మూలమట్టాన్ని సంచీలో వేసుకున్నాడు.

వెళ్లిన లారీలోనే అన్నీ తిరిగొచ్చాయి.

మేస్త్రి కలప పచ్చిదన్నాడు. తర్వాత రంపం బిళ్ళ వంకరన్నాడు. రెండూ కాదని తేలాక, లారీ దించుతున్న కూలీలందరి ముందూ తమ్ముడి వైపు తిరిగాడు.

"కొలత చూడ్డం రాని చేతికి రంపం ఇచ్చాను. తప్పు నాదే."

మరిది ఆ పూట అన్నానికి రాలేదు. వదిన కంచం పట్టుకుని గదిలోకి వెళ్లింది.

"నువ్వూ అలాగే అనుకుంటున్నావా వదినా?"

"ముందు తిను," అంది ఆమె.

తెల్లవారేసరికి గది ఖాళీగా ఉంది. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

మూడు నెలలకి షెడ్డు మూసేశారు. మిషనుని ఎవరికో అమ్మేసి, మేస్త్రి తనే దాని బోల్టులు విప్పుతున్నాడు. స్టాపరు తియ్యగానే దాని ముఖానికి, అడుగున, ఒక పొట్టు బిళ్ళ అతుక్కుని కనిపించింది. చెక్క కొసలు గుద్దీ గుద్దీ బిస్కెట్టులా గట్టిపడింది. గోరుతో గీకితే ఊడి అరచేతిలో పడింది. టేపు పైన ఆనించి చూసేవాళ్లు. ఇది కింద ఉంది.

మేస్త్రి దాని మందం కొలిచాడు. అర నూలు. అంగుళంలో పదహారో వంతు.

కొంచెం కొంచెంగా పేరుకుంటూ, పై పట్టీకి ఒక పొడవూ కింది పట్టీకి ఇంకో పొడవూ ఇచ్చింది.

"వాడు సరిగ్గానే చూశాడే," అన్నాడు మేస్త్రి.

తమ్ముడి నంబరు నొక్కాడు. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని చెప్పింది ఫోను. అతను అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

అతని భార్య మాత్రం కూర్చోలేకపోయింది. పెద్దమ్మ ఏ సందులోంచి వచ్చేదో కనుక్కుంటూ, నాలుగు వీధులు తిరిగి ఇల్లు పట్టుకుంది. పెద్దమ్మ ఆడపడుచు తలుపు తీసింది. తన వదిన పోయి నెల దాటిందని చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బట. పొట్టు దగ్గరికి పోవద్దని డాక్టరు ఎంత చెప్పినా వినలేదట.

"పొట్టు మోసుకెళ్లకపోతే పొయ్యి వెలగదేమో అనుకున్నాను," అంది మేస్త్రి భార్య. "నేనే రావద్దన్నాను."

ఆడపడుచు ఆమెని వంటింట్లోంచి పెరట్లోకి తీసుకెళ్లింది. వంటింట్లో గ్యాసు పొయ్యి ఉంది. పెరటి గోడ వెంట సంచులున్నాయి, వరసగా, వానకి నాని నల్లబడి. ఒక్కదాని మూతీ విప్పలేదు.

"మరి దేనికొచ్చేది?"

"మీ షెడ్డులో మిషను మాదే. అన్నయ్య పోయాక మధ్యవర్తి చేత అమ్మించాం. ఆ సంగతి మీకు చెప్పొద్దంది. అమ్ముకున్నవాళ్లు పెత్తనానికి వచ్చారనుకుంటారని."

ఆడపడుచు పక్కకి ఒరిగిన ఒక సంచీని గోడకి ఆనించింది.

"ఊరంతా మా అన్నయ్య పనితనమని మెచ్చుకున్న ఆ తలుపులూ కిటికీలూ, ఆయనకి చూపు పోయిన దగ్గర్నుంచి పదకొండేళ్లు, ఆ మిషను మీద కోసింది మా వదినే."