గోరిన్ టైమ్ అవుట్

కూతురు కెజియా తనవైపే పరుగెత్తుకొస్తుంటే యెహెజ్కేలు గుండెల్లో రాయి పడింది.

పారిపోదామంటే ఒంటి మీద గోరిన్ వేషం ఉంది. చంద్రుడి మీద పెద్ద పెద్ద ఇనుప యంత్రాలెక్కి బాస్కెట్‌బాల్ ఆడే జపాన్ కార్టూన్ సీరియల్లో హీరో యంత్రం పేరు గోరిన్. ఆటగాడు ఒకసారి లోపల కూర్చున్నాడంటే మ్యాచ్ ముగిసేదాకా తలుపు తెరుచుకోదు. అలసిపోతే ఆట మధ్యలో టైమ్ అవుట్ అడిగి, యంత్రంతో సహా కాసేపు కూర్చోవాల్సిందే.

ఈ అరబ్బు దేశంలో, ఖురం పేటలోని ఈ మాల్‌లోనూ అదే వరస. జిప్పు వీపు మీద ఉంది. దాన్ని తీయాల్సింది మేనేజర్ అనీస్. లోపలున్నవాడు మాట్లాడకూడదు, కూర్చోకూడదు, తల తీయకూడదు. ఏది చేసినా ఉద్యోగం ఊడుతుంది.

ఆఫీసు ఉద్యోగం ముందే ఊడింది. ఆ సంగతి దూరపు ఊరు సూర్‌లో నర్సుగా చేస్తున్న భార్య బ్యూలాకి చెప్పలేదు. "ఈ శుక్రవారం ఆడిట్, రాలేను" అని పొద్దున ఫోన్లో కోతలు కోశాడు. ఇప్పుడు తల్లీకూతుళ్లు ఎదురుగా నిలబడ్డారు. చెమట కళ్లల్లోకి కారుతోంది. తుడుచుకునే దారి లేదు. గుర్తుపడితే ఇక వాళ్లకి మొహం ఎలా చూపించాలి?

"గోరిన్ కూర్చోవాలి," అంది కెజియా. "టైమ్ అవుట్‌లో కూర్చుంటాడుగా, నాకు ఆ ఫోటోనే కావాలి."

"సిట్టింగ్ నహీ, మేడమ్," అన్నాడు అనీస్.

"టికెట్ కొన్నాం భయ్యా! పిల్ల అడిగిన ఫోటో తీసుకోనివ్వడానికి మీకేం నొప్పి?" బ్యూలా హిందీలో గొంతు పెంచింది. జనం అటు తిరిగారు. అనీస్ తగ్గాడు.

"ఇక్కడ వెలుతురు లేదు. ఆ ఏసీ కిందికి రమ్మనండి," అంది బ్యూలా మళ్లీ.

యెహెజ్కేలు కాళ్లీడ్చుకుంటూ వెళ్లి కూలబడ్డాడు.

"ఇప్పుడు గోరిన్‌కి జ్యూస్ తాగిస్తా," అంటూ కెజియా నోటి దగ్గర వలలోంచి స్ట్రా లోపలికి తోసింది. అది పెదవికి గుచ్చుకుంది. తాగాడు. తాగుతూనే ఒళ్లు మండిపోయింది. కన్నకూతురే తనని బొమ్మని చేసి ఆడిస్తోంది. దానికి తెలీదు సరే, లోపల ఒక మనిషి ఉంటాడన్న ఇంగితం ఆ తల్లికైనా ఉండొద్దూ? ఆస్పత్రిలో రోగుల కోసం కంటతడి పెట్టే మనిషేనా ఈవిడ?

బ్యూలా తీరుబడిగా తీస్తూనే ఉంది. "కదిలావే, ఇంకోటి." "కళ్లు మూశావు, ఇంకోటి." వెనక వరసలో పిల్లలు గోల పెడుతున్నా ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు.

చివరికి అనీస్ చేతులు జోడించాడు. "ఖలాస్ మేడమ్, ఖలాస్!"

గండం గడిచిందనుకున్నాడు యెహెజ్కేలు. గుర్తుపట్టలేదు. అదే పదివేలు.

వెళ్లబోతూ కెజియా గోరిన్ మెడ చుట్టూ చేతులు వేసి, వలకి నోరు ఆనించి గుసగుసలాడింది: "టైమ్ అవుట్ చాలిందా నాన్నా, అమ్మని ఇంకో ఫోటో తీయమని చెప్పనా?"