పదింటికి వచ్చే చుట్టం

కోడలు ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, చూడండి! ఉపగ్రహం తీసిన వేడి పటం. ఊరంతా ఎర్రగా కాలిపోతోంది. పోయినేడు మన వీధీ ఎరుపే. ఇప్పుడు చూడండి, నీలంగా, చల్లగా! డాబాల మీద నేను వేయించిన తెల్లరంగు పనిచేసింది!"

అత్తగారు కళ్లజోడు సవరించుకుంది. "ఎంత శుభ్రంగా ఉందో!"

"రేపు మా మున్సిపల్ ఆఫీసులో రిపోర్టుతో పాటు చూపిస్తాను. ఇక ఊళ్లో డాబాలన్నిటికీ తెల్లరంగే."

"వేయించమ్మా. కానీ మిగతా వీధులవాళ్లకి తారీఖులు కూడా చెప్పాలి కదా?"

"ఏం తారీఖులు?"

అత్తగారు గోడమీది క్యాలెండర్ చూపించింది. ఉపగ్రహం పదహారు రోజులకోసారి, ఉదయం పదింటికి ఊరి మీదుగా వెళ్తుంది. ఆ రోజులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టింది కోడలే.

"పైనుంచి ఫొటో తీస్తుందన్నావుగా. దుమ్ముకొట్టుకుపోయిన డాబాలు కనబడితే వీధి పరువేం కాను? అందుకే ఆ రోజుల్లో తొమ్మిదిన్నరకల్లా అందరం బకెట్లు బకెట్లు నీళ్లు పోసి కడిగేస్తున్నాం. ఒక్క ఇల్లూ మానకుండా నేనే గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పాను."

కోడలు నీరుగారిపోయింది. "ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదటి సున్నా చుట్టినప్పట్నుంచీ."

కోడలు రిపోర్టు తెరిచి 'తెల్లరంగు వల్ల' అన్న మాట కొట్టేసింది. తడిసిన డాబా ఏ రంగుదైనా పటంలో చల్లగానే పడుతుంది.

అత్తగారు పటం మీదికి ఇంకాస్త వంగింది.

"ఇంతకీ ఇందులో నేనెక్కడున్నానమ్మా? ప్రతిసారీ తల దువ్వుకుని మరీ నిలబడ్డాను."